చుక్కల పేర్లు: కంటి పేర్లు, లెక్క పేర్లు

జూన్ మూడో వారంలో పిడుగురాళ్లలో విత్తనాల దుకాణం ముందు నిలబడిన రైతును పత్తి గింజ ఎప్పుడు పెడతారని అడిగి చూడండి. చాలామంది తేదీ చెప్పరు. "ఆరుద్ర రానీయండి, ఒక మంచి వాన పడనీయండి" అంటారు. ఆయన నోట ఒక నక్షత్రం పేరు ఎంత సహజంగా వచ్చిందో గమనించండి. అదే మనిషిని రాత్రి డాబా మీదికి తీసుకెళ్లి ఆరుద్ర ఏదో చూపించమంటే మాత్రం చూపించలేరు. అది ఆయన తెలియనితనం కాదు. ఆరుద్ర కార్తె జరుగుతున్నన్నాళ్లూ ఆరుద్ర నక్షత్రం ఎవరికీ కనిపించదు. సూర్యుడు ఆ దిక్కునే ఉంటాడు కాబట్టి అది పగటిపూట సూర్యుడి వెంట ఆకాశంలో ఉండి, సాయంత్రం ఆయనతోపాటే దిగిపోతుంది.

కనిపించని చుక్క పేరు పెట్టుకుని సేద్యం చేయడం వింతగా తోచవచ్చు. నక్షత్రాల పేర్లు ఎలా పుట్టాయో, ఒక భాషలోంచి మరో భాషలోకి ఎలా నడిచాయో, నడిచేటప్పుడు ఏం పోగొట్టుకున్నాయో తెలుసుకోవడానికి ఇంతకన్న మంచి మొదలు లేదు. ఈ పాఠంలో నక్షత్రాల పేర్లను రెండు రకాలుగా చూద్దాం. చుక్కను చూసి, అది ఎలా ఉందో చెప్పేవి కంటి పేర్లు. కాలాన్ని లెక్కించడానికి, చోటును గుర్తు పెట్టుకోవడానికి వాడేవి లెక్క పేర్లు. ఈ విభజన శాస్త్ర గ్రంథాల్లోది కాదు, మన సౌకర్యం కోసం చేసుకున్నది. చాలా పేర్లు మొదట కంటి పేర్లుగా పుట్టి తర్వాత లెక్క పేర్లుగా మారాయి.

కార్తె అంటే ఏమిటి?

సూర్యుడు ఏడాదిలో నక్షత్రాల మధ్య ఒక చుట్టు తిరిగినట్లు మనకు కనిపిస్తాడు. ఆ 360 డిగ్రీల దారిని 27 సమాన భాగాలు చేస్తే ఒక్కో భాగం 13 డిగ్రీల 20 నిమిషాలు. ఒక్కో భాగానికి ఒక నక్షత్రం పేరు. సూర్యుడు ఆ భాగం దాటడానికి 13, 14 రోజులు పడుతుంది. ఆ రోజులే కార్తె. రోహిణి కార్తె మే 25 ప్రాంతంలోను, మృగశిర జూన్ 8 ప్రాంతంలోను, ఆరుద్ర జూన్ 22 ప్రాంతంలోను మొదలవుతాయి. ఆపైన పునర్వసు, పుష్యమి, ఆశ్లేష, మఖ, పుబ్బ, ఉత్తర, హస్త, చిత్త, స్వాతి, విశాఖ వరసగా నడుస్తాయి. ఏటా ఒక రోజు అటూ ఇటూ కావచ్చు.

పంచాంగం చదవని వాళ్లకు కూడా ఈ వరస తెలుసనడానికి మన సామెతలే సాక్ష్యం. కొద్దికాలానికే ముగిసిపోయిన దాన్ని "మఖలో పుట్టి పుబ్బలో పోయినట్టు" అంటాం. మఖ, పుబ్బ పక్కపక్క కార్తెలని తెలియకపోతే ఈ మాటకు అర్థం లేదు. రోహిణిలో రోళ్లు పగులుతాయనడంలో మే నెలాఖరు ఎండ ఉంది.

ఈ పేర్లను పల్లె తన నోటికి అనువుగా మలుచుకుంది. సంస్కృతంలోని ఆర్ద్ర ఆరుద్ర అయింది, పూర్వఫల్గుణి పుబ్బ అయింది, మఘ మఖ అయింది, చిత్ర చిత్త అయింది. ఆర్ద్ర అంటే తడిసినది. ఆ అర్థం తెలియకపోయినా తడి మాత్రం పేరును వదల్లేదు. తొలివానలకు చేలల్లో ఎర్రటి మఖమలులా కదిలే చిన్న జీవిని ఆరుద్ర పురుగు అంటున్నాం కదా. చుక్క నుంచి కార్తెకు, కార్తె నుంచి వానకు, వాన నుంచి పురుగుకు ఆ పేరు దిగివచ్చింది.

కార్తెలకు ముందు ఈ నేల మీద కాలాన్ని ఇంకోలా కూడా చెప్పారు. ఇదే పల్నాడులోని నాగార్జునకొండలో దొరికిన ఇక్ష్వాకుల ప్రాకృత శాసనాలు 3, 4 శతాబ్దాలవి. వాటిలో తేదీని రాజు పాలన సంవత్సరం, ఋతువు, ఆ ఋతువులో ఎన్నో పక్షం, ఎన్నో రోజు అని రాశారు. వానకాలపు ఆరో పక్షం అన్నట్టు అంకెలే తప్ప నక్షత్రం ఊసు లేదు. కార్తె కూడా ఇంచుమించు ఒక పక్షమే. ఒకటి అంకెతో గుర్తుండేది, ఇంకొకటి పేరుతో గుర్తుండేది. చదువు రాని రైతుకు అంకె కన్న పేరే నమ్మకమైన గుర్తు.

కంటితో పెట్టిన పేర్లు

లెక్క పేర్లు సంస్కృతం నుంచి వచ్చాయి సరే, మన భాష తన కంటితో చూసి పెట్టుకున్న పేర్లు లేవా? ఉన్నాయి. మొదటిది చుక్క అనే మాటే. తెలుగులో చుక్క అంటే బొట్టు, నీటిబిందువు, ముగ్గులో పెట్టే గుర్తు, ఆకాశంలో మెరిసేది కూడా. కన్నడంలోనూ దీనికి సోదర పదం ఉంది. తమిళంలో నక్షత్రాన్ని విణ్‌మీన్ అంటారు. విణ్ అంటే ఆకాశం. మీన్ అనే మాటకు చేప అనీ, మెరిసేది అనీ రెండర్థాలు. మన మినుకు, మిణుగురు అనే మాటల్లో వినిపించే మెరుపే అందులోనూ ఉంది. సంఘకాలపు తమిళంలో కృత్తికలను అఱుమీన్ అన్నారు, అంటే ఆరు చుక్కలు. సింధు ముద్రల మీది చేప బొమ్మ నక్షత్రానికి గుర్తని ఫిన్లాండ్ పండితుడు ఆస్కో పర్పోలా ప్రతిపాదించింది ఈ రెండర్థాల ఆధారంతోనే. సింధు లిపిని ఇంతవరకు ఎవరూ అందరూ ఒప్పుకునేలా చదవలేదు కాబట్టి దాన్ని ప్రతిపాదనగానే తీసుకోవాలి.

ఆ కృత్తికలనే తెలుగు పల్లె పిల్లలకోడి అంది. చలికాలపు రాత్రి నడినెత్తికి దగ్గరగా దగ్గరదగ్గరగా మినుకుమనే ఆ చిన్న గుంపును చూస్తే, తల్లి చుట్టూ చేరిన కోడిపిల్లలే గుర్తొస్తాయి. ఈ పోలిక మనకొక్కరికే తట్టలేదు. థాయి భాషలో ఆ గుంపు పేరుకు కోడిపిల్లల చుక్కలని అర్థం. హంగేరీ భాషలో దాన్ని పిల్లలున్న కోడి అంటారు. ఫ్రెంచి, ఇటలీ పల్లెల్లోనూ కోడి పేర్లే ఉన్నాయి. ఇవన్నీ ఒక భాష నుంచి ఇంకో భాషకు పాకాయని అనుకోనక్కరలేదు. పెరట్లో కోడి, ఆకాశంలో ఆ గుంపు రెండూ ఉన్నచోట ఎవరికైనా తట్టే పోలిక ఇది. ఒకే రకం పేరు రెండు భాషల్లో కనబడగానే ఇది అక్కడి నుంచి ఎత్తుకొచ్చినదే అనే తొందర మనవాళ్లలో ఎక్కువ. పోలిక వేరు, అప్పు వేరు. నక్షత్రాల పేర్ల అధ్యయనంలో ముందుగా నేర్చుకోవలసిన జాగ్రత్త ఇదే.

ఇదే గుంపును అరబ్బులు సురయ్యా అన్నారు. సమృద్ధి అనే అర్థమున్న ధాతువు నుంచి వచ్చిన ముద్దు పేరది. గ్రీకులు ప్లెయాదులు అన్నారు, జపాన్‌వాళ్లు సుబారు అన్నారు. సుబారు అంటే ఒకచోట కూడినవి. ఆ పేరుగల కార్ల కంపెనీ గుర్తు మీద ఇవే చుక్కలుంటాయి. బాబిలోనియా పలకల మీద దీని పేరు మరీ సాదాగా ఉంటుంది: ముల్ ముల్, అంటే చుక్కలు చుక్కలు. మన పక్కవీధిలో కృత్తిక, సురయ్య అనే ఇద్దరమ్మాయిలుంటే ఆ ఇద్దరికీ పెట్టింది ఒకే గుంపు పేరు.

పిల్లలకోడికి తూర్పుగా కాస్త కిందికి దిగితే, వరసగా సమాన దూరంలో మూడు చుక్కలు కనిపిస్తాయి. పల్లెల్లో వాటిని గొల్లకావడి అంటారు. నడుమ గొల్ల, రెండు పక్కలా కుండలు. ఆ మూడింటినే ఐతరేయ బ్రాహ్మణం మూడు భాగాల బాణం అంది. ప్రజాపతి లేడి రూపంలో రోహిణి వెంట పడితే, వేటగాడు వేసిన బాణమట అది. లేడి తల మృగశిర, వేటగాడు ఆ పక్కనే జ్వలించే మృగవ్యాధుడు. గ్రీకుల కథలో అక్కడ లేడి లేదు. ఒరాయన్ అనే వేటగాడే నిలబడి ఉంటాడు, ఈ మూడు చుక్కలూ అతని నడికట్టు. అరబ్బీ నుంచి వచ్చిన పేర్లు అల్‌నితాక్, మింతకా రెండూ నడికట్టు అనే అర్థమిచ్చేవే. నడుమ ఉన్న అల్‌నిలమ్ ముత్యాల పేరు. చుక్కలు మూడే, వాటిలో ఒకరికి కావడి, ఒకరికి బాణం, ఒకరికి మొలకట్టు కనిపించాయి. ఎవరి చేతిలో ఏ పనిముట్టు ఉంటే ఆకాశంలోనూ అదే కనిపించింది.

రిక్క, ఎలుగుబంటి

తెలుగు నిఘంటువులో నక్షత్రానికి రిక్క అనే మాట కూడా ఉంది. పాత కావ్యాల్లో తరచుగా కనిపిస్తుంది. ఇది సంస్కృతంలోని ఋక్షం నుంచి వచ్చిన తద్భవం. ఋక్షం అంటే నక్షత్రం, ఎలుగుబంటి కూడా. రామాయణంలో జాంబవంతుణ్ణి ఋక్షరాజు అనడం మీకు తెలిసినదే.

ఉత్తరాన ఏడు చుక్కల గుంపును మనం సప్తర్షి మండలం అంటున్నాం. ఈ సప్తర్షులను పూర్వం ఋక్షాలు అనేవారని శతపథ బ్రాహ్మణమే చెబుతోంది. అదే గుంపును గ్రీకులు ఆర్క్‌తోస్ అన్నారు, అంటే ఎలుగుబంటి. ఋక్షం, ఆర్క్‌తోస్, లాటిన్ ఉర్సుస్ ఒకే మూలానికి చెందిన మాటలని భాషాశాస్త్రం తేల్చింది. ఋక్షం అనే పదంలోని నక్షత్రం అర్థం, ఎలుగుబంటి అర్థం ఒకే మాటవా, లేక ఒకేలా వినిపించే రెండు మాటలవా అన్నది మాత్రం ఇంకా చర్చలోనే ఉంది. ఇక్కడ కోడి విషయంలోలా పోలిక ఒక్కటే కాదు, మాటల చుట్టరికం కూడా ఉంది. రెండింటికీ తేడా గమనించండి.

ఎలుగుబంటి చుక్కలు ఉండే దిక్కు కాబట్టి ఉత్తర ధ్రువ ప్రాంతానికి ఆర్కిటిక్ అనే పేరు వచ్చింది. ఎలుగుకు కాపలాదారు అనే అర్థంలో ఆ వెనుక నడిచే ప్రకాశవంతమైన నక్షత్రాన్ని ఆర్క్‌తూరస్ అన్నారు. అది మన స్వాతి. ఏడింట్లో నాలుగు చుక్కలను మంచం కోళ్లుగా, మిగతా మూడింటిని మంచం ఎత్తుకుపోవడానికి వచ్చిన దొంగలుగా చెప్పుకునే కథలు దక్కను పల్లెల్లో ఉన్నాయి. ఋషుల కథకన్న పిల్లలకు ఈ కథే ఎక్కువ నచ్చుతుందని వేరే చెప్పాలా?

నాగలి, చాలు, కంకి

సేద్యగాళ్లు పెట్టిన పేర్లు ఇంకా పాత రోజుల్లో, ఇంకా దూరాన కూడా ఉన్నాయి. యూఫ్రటీసు, టైగ్రిస్ నదుల నడుమ బాబిలోనియాలో మట్టిపలకల మీద శరాకార లిపిలో రాసిన నక్షత్ర గ్రంథం ఒకటి దొరికింది. దాని కూర్పు ఇంచుమించు క్రీస్తుపూర్వం 1000 నాటిదని పండితుల అంచనా. దాని పేరు ముల్ అపిన్. సుమేరు భాషలో ముల్ అంటే చుక్క, అపిన్ అంటే నాగలి. గ్రంథం మొదలయ్యేదే నాగలి చుక్కతో. అక్కడి అపిన్ మన గొర్రులాంటిది. దున్నుతూ ఉండగానే పైనుంచి గొట్టం గుండా విత్తనం చాలులో పడేది.

ఆ గ్రంథంలోనే అబ్‌సిన్ అనే చుక్క ఉంది. అబ్‌సిన్ అంటే నాగటి చాలు. అది మన చిత్త నక్షత్రం. గ్రీకులు ఆ ప్రాంతంలో ధాన్యపు కంకి పట్టుకున్న కన్యను ఊహించారు. ఆ చుక్కకు లాటిన్‌లో స్పైకా అని పేరు, అర్థం కంకి. చాలు కంకి అయింది, పొలం మాత్రం అదే. మన సంప్రదాయంలో చిత్ర అంటే మెరిసేది, చిత్రమైనది. ఇందులో సేద్యం లేదు, వెలుగు ఉంది. నాగటి చాలుకు సంస్కృతంలో సీత అని పేరున్నా, ఆ పేరు చుక్కకు పెట్టలేదు.

బాబిలోనియాలో రాజు అనే అర్థం వచ్చే పేరున్న చుక్క గ్రీకులో, లాటిన్‌లో చిన్న రాజు అయింది. లాటిన్ పేరు రెగ్యులస్. మనకు అది మఖ, అంటే దానం, సమృద్ధి. ఇక హస్తలోని ఐదు చుక్కలు మనకు చెయ్యి, బాబిలోనియాకూ గ్రీసుకూ కాకి. రాశుల పేర్లు మేషం, వృషభం మొదలైనవి మనకు గ్రీకుల ద్వారా వచ్చాయి. 6వ శతాబ్దపు వరాహమిహిరుడు బృహజ్జాతకంలో వాటి గ్రీకు పేర్లను కూడా సంస్కృతపు పలుకుబడిలో ఇచ్చాడు. నక్షత్రాల వరస అంతకన్న చాలా పాతది, ఇక్కడిది. వేద వాఙ్మయంలోని జాబితాలు కృత్తికలతో మొదలవుతాయి, అశ్వినితో కాదు.

ఒక్క చుక్క తేడా

మళ్లీ ఆరుద్ర దగ్గరికి వద్దాం. ఆకాశంలో ఎర్రగా వెలిగే ఆ నక్షత్రాన్ని ప్రపంచం బెటెల్‌గ్యూస్ అని పిలుస్తోంది. ఇది ఏ భాషలోనూ సరైన మాట కాదు.

రెండో శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో టాలమీ రాసిన నక్షత్రాల పట్టిక 9వ శతాబ్దంలో బాగ్దాదులో అరబ్బీలోకి వచ్చింది. 964లో అల్ సూఫీ ఆ పట్టికను సరిచూసి, అరబ్బులు తరతరాలుగా వాడుకున్న పేర్లను చేర్చి నక్షత్రాల మీద గొప్ప పుస్తకం రాశాడు. 12వ శతాబ్దంలో స్పెయిన్‌లోని తొలేదోలో ఇటువంటి పుస్తకాలు లాటిన్‌లోకి మారాయి. ఆరుద్రకు అరబ్బీలో యద్ అల్ జౌజా అని పేరు. యద్ అంటే చెయ్యి. అరబ్బీ లిపిలో మాట మొదట వచ్చే య అక్షరానికి కింద రెండు చుక్కలు, బ అక్షరానికి ఒకటే చుక్క. చుక్క తీసేస్తే రెండింటి రూపం ఒకటే. ఎవరో లేఖకుడో అనువాదకుడో ఒక చుక్క వదిలేశాడు. యద్ కాస్తా బద్ అయి, బెద్ అయి, చివరకు బెటెల్‌గ్యూస్ అయింది. అది తప్పని తెలియని తర్వాతి పండితులు ఆ బెట్‌కు అర్థాలు కూడా కల్పించారు. చుక్క అనే మాటకు రెండర్థాలున్న మన భాషలో ఈ కథ చెప్పడం సులువు: ఒక చుక్క పోయినందుకు ఒక చుక్క పేరు మారింది.

అన్ని పేర్లూ ఇలా చెడలేదు. రోహిణి సంస్కృతంలో ఎర్రనిది. అరబ్బీలో అల్ దబరాన్, అంటే వెంట వచ్చేది. కృత్తికల వెంట ఉదయిస్తుంది కాబట్టి ఆ పేరు. అదే ఆల్డిబరాన్‌గా మిగిలింది. మన కార్తెల వరసలోనూ కృత్తిక వెంటనే రోహిణి వస్తుంది. జ్యేష్ఠ మనకు పెద్దది. గ్రీకులు దాని ఎరుపు చూసి ఆంటారెస్ అన్నారు, కుజుడికి పోటీ అని. అరబ్బులకు అది తేలు గుండె.

పేరు నిలిచింది, కాలం జరిగింది

లెక్క పేర్లకు ఒక చిక్కుంది. భూమి తన అక్షం మీద బొంగరంలా మెల్లగా వణుకుతుంది. ఒక చుట్టు పూర్తికావడానికి దాదాపు 26,000 ఏళ్లు. దీనివల్ల ఋతువులకూ నక్షత్రాలకూ ఉన్న సంబంధం 70 ఏళ్లకు ఒక రోజు చొప్పున జరుగుతూ ఉంటుంది. ఎండావానలు సూర్యుడి ఉత్తర, దక్షిణ గమనాన్ని బట్టి వస్తాయి. కార్తెలు నక్షత్రాలను బట్టి నడుస్తాయి.

సూర్యుడు ఉత్తరాన చివరిదాకా పోయి దక్షిణానికి మళ్లే చోటును మన పెద్దలు నక్షత్రాలతోనే గుర్తించారు. వేదాంగ జ్యోతిషంలో ఆ చోటు ఆశ్లేష నడుమ ఉంది. వరాహమిహిరుడు బృహత్సంహితలో, పూర్వం ఆశ్లేష సగం నుంచి జరిగేదని శాస్త్రాల్లో ఉన్నా, ఇప్పుడు కర్కాటకం మొదట్లో జరుగుతోందని రాశాడు. అంటే పునర్వసు చివరి పాదం. ఈ రోజుల్లో ఆ మలుపు జూన్ 21న, మృగశిర ముగిసి ఆరుద్ర మొదలయ్యేచోట జరుగుతోంది. మూడు కాలాల్లో మూడు పేర్లు. పాత పుస్తకంలో ఉన్నదాన్ని గౌరవిస్తూనే తన కంటికి కనిపించినదాన్ని రాసినందుకు వరాహమిహిరుణ్ణి మెచ్చుకోవాలి.

దీన్నే రైతు వైపు నుంచి చూడండి. వరాహమిహిరుడి కాలంలో సూర్యుడు ఆరుద్రలో ప్రవేశించింది ఋతువుల లెక్కన ఇప్పటికంటే సుమారు మూడు వారాలు ముందు, అంటే నేటి జూన్ మొదటి రోజులతో సమానమైన కాలంలో. నైరుతి మేఘాలు తెలుగు నేల తొక్కే రోజులవి. తడిసినది అనే పేరు అప్పుడు మరింత సరిగ్గా అతికేది. మన సామెతలు అంత పాతవి కావు కాబట్టి వాటికి పెద్ద ప్రమాదం లేదు. 300 ఏళ్లలో జరిగేది నాలుగు రోజులే. కానీ కార్తె పేరు దానంతట అది వానను తెస్తుందని నమ్మి, నేలలో తడి చూడకుండా గింజ పెడితే నష్టపోయేది మనమే. పత్తి విత్తనం ఖరీదైనది, మొలక రాకపోతే మళ్లీ కొనాలి. కార్తె కాలాన్ని గుర్తుచేసే పేరు. వాన సంగతి వాతావరణ శాఖ సూచన చెప్పాలి, తడి సంగతి గుప్పిట్లో పట్టుకున్న మట్టి చెప్పాలి.

స్వాతి సంగతి ఇంకా తమాషా. స్వాతి వాన చినుకు ముత్యపు చిప్పలో పడితే ముత్యమవుతుందని కవులు ఎన్నో తరాలుగా చెప్పారు. సినిమా పేరుగా కూడా ఆ మాట మనకు ప్రియమైనది. స్వాతి కార్తె అక్టోబరు 24 ప్రాంతంలో మొదలై నవంబరు మొదటి వారం దాకా ఉంటుంది. అది బంగాళాఖాతంలో తుఫానుల కాలం, పల్నాడు చేలల్లో పత్తికాయ పగిలే కాలం. విచ్చిన పత్తి మీద పడిన చినుకు దూదిని రంగు మారుస్తుంది, ధర తగ్గిస్తుంది. సముద్రం ఒడ్డున పుట్టిన అందమైన పేరు నల్లరేగడి చేలో అదే అర్థంతో బతకదు.

వేలు పెట్టి చూపించడం

11వ శతాబ్దం తొలి భాగంలో మన దేశం వచ్చి సంస్కృతం నేర్చుకున్న అల్ బిరూనీ తన పుస్తకంలో ఒక ఫిర్యాదు రాశాడు. నక్షత్రాల గురించి ఎంత శ్రద్ధగా ఆరా తీసినా, చంద్రుడి దారిలోని నక్షత్రాలను కంటితో గుర్తుపట్టి వేలితో చూపించగల పండితుడు తనకు ఒక్కడూ దొరకలేదట. ఆయన కలిసింది కొద్దిమందినే కావచ్చు, మాట కొంచెం కటువు కావచ్చు. అయినా లెక్క పేరు ఎక్కడ బలహీనమో ఆ ఫిర్యాదు చెబుతుంది. పట్టికలో పేరు ఉంటే చాలు, చుక్క చూడవలసిన పని పడదు.

కంటి పేరుది దీనికి తలకిందుల కష్టం. పిల్లలకోడి అన్న మనిషికి ఆ చుక్కలు తెలుసు, కానీ ఆ పేరుకు పంచాంగంలో చోటు లేదు, పాఠ్యపుస్తకంలో చోటు లేదు. చూపించే మనిషి పోతే పేరూ పోతుంది. అంతర్జాతీయ ఖగోళ సంఘం 2016లో నక్షత్రాల పేర్ల కోసం ఒక బృందాన్ని ఏర్పాటు చేసి, ఒక నక్షత్రానికి ఒక అధికారిక పేరు చొప్పున ఖాయం చేస్తోంది. ఆ జాబితాలో రేవతి, భరణి, ఆశ్లేష చేరాయి. మన పేర్లు చేరాయని సంతోషించవచ్చు. అయితే చేరినవన్నీ గ్రంథాలకెక్కిన పేర్లేనని గమనించండి. ఎవరో రాసిపెట్టారు కాబట్టి దొరికాయి.

తెలుగు పెళ్లిలో అరుంధతిని చూపించే ఆచారం ఉంది. సప్తర్షుల్లో వసిష్ఠుడి పక్కన ఆనీ ఆననట్టు ఉండే చిన్న చుక్క అది. అరబ్బులు దాన్ని సుహా అన్నారు, అంటే కంటికి తప్పిపోయేది, మరుపున పడ్డది. చూపు పరీక్షకు దాన్ని వాడేవారు. ముందు కనిపించే పెద్ద చుక్కను చూపి, దాని పక్కదాన్ని చూపి, అలా చిన్నదాని దగ్గరికి తీసుకెళ్లడాన్ని మన తర్కశాస్త్రం అరుంధతీ దర్శన న్యాయం అంది. పగటి ముహూర్తాల్లో పురోహితుడు ఎండలోకి వేలు చూపిస్తే వధూవరులు కనిపించిందని తలూపడం వేరే సంగతి.

మీరు చేయవలసిన పని

జనవరి నెలాఖరున, అమావాస్యకు దగ్గరలో, రాత్రి 9 గంటలకు ఊరి దీపాలకూ సున్నపు బట్టీల పొగకూ దూరంగా వెళ్లండి. కళ్లాల్లో మిరపకాయలకు కాపలా ఉండేవాళ్లు మెలకువగా ఉండే వేళ అది. నడినెత్తికి కాస్త దక్షిణంగా గొల్లకావడి కనిపిస్తుంది. దానికి పైన ఎర్రగా ఉన్నది ఆరుద్ర. జూన్‌లో పేరుగా మాత్రమే ఉన్న చుక్క ఇదే. కావడి గీతను పడమటి వైపు పొడిగిస్తే రోహిణి, ఇంకా ముందుకు పోతే పిల్లలకోడి. అదే గీతను రెండోవైపు ఆగ్నేయానికి పొడిగిస్తే మృగవ్యాధుడు. ఆకాశంలో అంతకన్న ప్రకాశమైన నక్షత్రం లేదు. ఈజిప్టువాళ్లు దాని తొలి ఉదయాన్ని బట్టి నైలు వరదను ఎదురుచూసేవారు.

ఇప్పుడు దక్షిణానికి తిరగండి. చేయి చాచి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు దాదాపు 10 డిగ్రీలు. దిగంతం నుంచి రెండు పిడికిళ్ల ఎత్తులో ఒంటరిగా వెలిగేది అగస్త్యుడు, అరబ్బీలో సుహైల్. ఢిల్లీ నుంచి చూస్తే అది దిగంతానికి ఇంకా దగ్గరగా ఉంటుంది, లండన్ నుంచి అసలు కనిపించదు. ఉత్తరాన ఒకటిన్నర పిడికిలి ఎత్తులో ఉన్నది ధ్రువుడు. పిడుగురాళ్ల అక్షాంశం సుమారు 16.5 డిగ్రీలు కాబట్టి ధ్రువుడి ఎత్తు కూడా అంతే.

అక్కడున్న పెద్దవాళ్లను ఈ చుక్కలను ఏమంటారో అడగండి. వాళ్లు చెప్పే పేరును వాళ్ల పలుకుబడిలోనే నోట్‌పుస్తకంలో రాయండి, పుస్తకం పేరుతో సరిచేయవద్దు. పేరు పక్కన నెల, గంట, వాళ్ల వేలు ఏ దిక్కుకు, ఎన్ని పిడికిళ్ల ఎత్తుకు చూపించిందో తప్పక రాయండి. ఇద్దరు ఒకే పేరుతో రెండు వేర్వేరు చోట్లు చూపిస్తే రెండూ రాసుకోండి.